మైదా మానిన మా క్రిస్మస్ బిస్కెట్లు



పాస్టరుగారు వాక్యధ్యానము వ్రాయక బిస్కెట్ల సంగతి వ్రాస్తున్నారేమిటని కొందరు అనుకోవచ్చును. ఇది నేనే వ్రాయాలి. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది.

మూడేండ్ల క్రితం డిసెంబరు మొదటి ఆదివారము ఆరాధన చివర ప్రకటనలు చదువుతున్నాను. స్త్రీల సమాజము వారు ప్రతి సంవత్సరము క్రిస్మస్‌కు బిస్కెట్లు చేసి ఇంటింటికి పంచుతారు. ఆ ఏడాది మైదా మాని, గోధుమపిండితో చేయాలని తీర్మానించుకున్నారు. ఆ సంగతి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. "ఇవి ఆరోగ్యానికి చాలా మంచివి, షుగరున్నవారు కూడా భయం లేకుండా తినవచ్చును" అన్నాను. ఆ చివరి మాట ఎవరూ వ్రాసి ఇవ్వలేదు. నోటికి వచ్చింది, అనేశాను. అందరూ నవ్వుతూ తలలూపారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మా సంఘములోని ఒక మామ్మగారు రాలేదు. డెబ్బది దాటిన మనిషి, ఎప్పుడూ ముందు వరుసలో చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంటుంది. వానొచ్చినా మానని మనిషి రాలేదంటే ఏదో జరిగిందనుకున్నాను. తెల్లవారి, నూతన సంవత్సర ఆరాధన ముగియగానే నేనూ మా ఇంటావిడా వెళ్లి చూశాము. మంచము మీద నీరసంగా పడుకుని ఉన్నది. రాత్రంతా దాహం, మాటిమాటికి లేవడం. అప్పుడే ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి చూసింది: 340.

మంచము ప్రక్కన బల్ల మీద మనము పంచిన డబ్బా ఉన్నది. అడుగున నాలుగు బిస్కెట్లు మిగిలినవి.

"రోజుకు ఎన్ని తిన్నారు మామ్మగారూ?"

"ఎనిమిదో, పదో. పొద్దున టీలో కొన్ని, రాత్రి అన్నం బదులు కొన్ని. కోడలు రెండో డబ్బా కూడా తెచ్చిపెట్టింది. మీరే చెప్పారు గదా అయ్యగారూ, షుగరున్నోళ్లు తినొచ్చని. మైదా కాదు గదా. మంచి తిండే తింటున్నాను గదా అని రెండ్రోజులు బిళ్ల కూడా ఏసుకోలా."

ఆమె నన్ను నిందించడానికి ఆ మాట అనలేదు. నేను చెప్పింది చేశానని, ఒక మంచి విశ్వాసి కాపరికి ఒప్పజెప్పినట్లు చెప్పింది. నాకు నోట మాట రాలేదు. ఆ మధ్యాహ్నమే ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ప్రభువు కృప వలన నాలుగు రోజులకు తేరుకుని ఇంటికి వచ్చింది. కానీ ఆ "మీరే చెప్పారు గదా" అన్న మాట నన్ను వదలలేదు. అప్పటినుండి గోధుమపిండి అంటే ఏమిటి, మైదా అంటే ఏమిటి, దేనిలో ఎంత మేలున్నదని తెలిసినవారిని అడిగి, దొరికిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. మా ఇంటావిడ వంటింట్లో నేర్చుకున్నది మరికొంత. ఆ రెండూ కలిపి వ్రాస్తున్నాను.

మన డెల్టా ప్రాంతపువారికి గోధుమ కంటే వరి బాగా తెలుసు గనుక అక్కడినుండి మొదలుపెడతాను. మా నాయనమ్మ కాలంలో ఇంట్లో రోలు, రోకలి ఉండేవి. దంపుడు బియ్యము ఎర్రగా ఉండేవి, అన్నము కొంచెం ముతకగా ఉండేది. మిల్లులు వచ్చి, పాలిషు పట్టి, తవుడు గేదెలకు పోసి తెల్లని బియ్యము మనము తినసాగాము. అట్లా తెల్లని బియ్యమే ఆధారంగా బ్రదికిన చోట్ల బెరిబెరి అనే రోగము వచ్చేది. కాళ్లు చచ్చుబడడం, వాపు, చివరికి గుండె దెబ్బతినడం. 1890లలో జావా దీవిలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ కోళ్లను చూసి దీని గుట్టు పట్టుకున్నాడు. పాలిషు బియ్యము తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలబడినవి, తవుడు తీయని బియ్యము పెట్టగానే లేచినవి. పారవేసిన తవుడులోనే ప్రాణాధారమైనది ఏదో ఉన్నదని తేలింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము ఇచ్చారు. ఆ "ఏదో" అనేదే నేడు మనము బి1 విటమిన్ అంటున్నది.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా ఈ బెరిబెరి వలననే పుట్టింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. తవుడు విలువ తెలుసుకోవడానికి మొదలైన పని అప్పటి మన రాజధానికి వచ్చి నిలిచిందన్న మాట.

గోధుమ సంగతి కూడా ఇంతే. గింజకు మూడు భాగములు. పైన పొట్టు, సుమారు నూటికి 14 పాళ్లు. అడుగున మొలకెత్తే చిన్న ముక్క, నూటికి రెండు మూడు పాళ్లు. మిగిలినదంతా లోపలి తెల్లని పిండి. మన ఊరి పిండిమరలో గోధుమలు పోసి పట్టిస్తే మూడూ కలిసి వస్తాయి. పెద్ద మిల్లులో ఉక్కు రోలర్ల మధ్య గింజను విచ్చదీసి, జల్లించి, పొట్టూ మొలకా వేరుచేసి, లోపలి తెల్లపిండి మాత్రము తీస్తే అది మైదా. వంద కిలోల గోధుమలకు మైదా 70, 75 కిలోలకు మించదు. ఈ రోలరు మిల్లులు 1870లలో హంగేరీ దేశములో బాగుపడి లోకమంతా వ్యాపించాయి. అంతకు ముందు తెల్లరొట్టె ధనవంతులది, నల్లరొట్టె బీదలది. రోలర్లు వచ్చాక తెల్లపిండి చౌక అయిపోయి అందరి ఇంటికి వచ్చింది.

మిల్లువారికి మైదా మీద ప్రేమ ఎందుకంటే, అది నిలవ ఉంటుంది. మొలక ముక్కలో నూనె ఉన్నది. దాన్ని పిండిలో ఉంచితే మన వేసవి వేడికి నెల రెండు నెలల్లో చేదెక్కి ముక్క వాసన వస్తుంది. మైదాలో ఆ నూనె లేదు గనుక బస్తాలు నెలల తరబడి అంగట్లో పడి ఉన్నా ఏమీ కాదు. వ్యాపారానికి మంచిదైనది తినేవారికీ మంచిదే అయివుండాలని లేదు.

హైదరాబాదు సంస్థవారు 2017లో అచ్చువేసిన ఆహారపట్టికలను బట్టి, 100 గ్రాముల గోధుమపిండిలో పీచు సుమారు 11 గ్రాములు, మైదాలో 3 గ్రాముల లోపే. ఇనుము, మెగ్నీషియం, జింకు, బి విటమిన్లు కూడా ఎక్కువ భాగము పొట్టులోనూ మొలకలోనూ ఉండి, వాటితోనే పోతాయి. మాంసకృత్తులలో మాత్రము పెద్ద తేడా లేదు. పొట్టు తీయని ధాన్యము ప్రతిరోజూ తినేవారికి గుండెజబ్బు, షుగరు వచ్చే అవకాశము తక్కువగా ఉంటున్నదని ఎన్నో దేశాలలో చేసిన పరిశీలనలలో కనబడింది. "ప్రతిరోజూ" అన్న మాట గమనించండి. క్రిస్మస్‌కు ఒకసారి అని కాదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. మా బిస్కెట్టుకు పిండి పావుకిలో, నెయ్యి 125 గ్రాములు, బెల్లము 100 గ్రాములు. దానికి ముప్పై బిస్కెట్లు వస్తాయి. అంటే ఒక్కొక్క బిస్కెట్టులో బెల్లము మూడు గ్రాములకు పైన, నెయ్యి నాలుగు గ్రాములు, పిండి ఎనిమిది గ్రాములు. ఆ ఎనిమిది గ్రాముల పిండిలో పీచు ఒక గ్రాముకు కూడా తక్కువ. మామ్మగారు తిన్న పది బిస్కెట్లు లెక్కవేసుకోండి: బెల్లము ముప్పై మూడు గ్రాములు, పిండి ఎనభై మూడు గ్రాములు, నెయ్యి నలభై రెండు గ్రాములు. మైదా తీసివేసినంత మాత్రాన ఆ బెల్లము ఎక్కడికి పోతుంది? బెల్లము పంచదార కాదు గదా అని కొందరు సోదరీమణులు అంటారు. రంగు, రుచి వేరు గాని షుగరు రోగి రక్తములో రెండింటి పనీ ఒక్కటే. పైగా గోధుమపిండిని మెత్తగా పట్టించిన తరువాత అది రక్తములో చక్కెరగా మారే వేగము మైదాకు కొద్దిగా తక్కువ కావచ్చు గాని, ఎంతో తక్కువ కాదు. మామ్మగారు ఆ పిండితోనే రెండు పుల్కాలు కాల్చుకుని ఆకుకూరతో తిని, వేళకు బిళ్ల వేసుకుని, ఒక్క బిస్కెట్టు టీతో తినియుంటే ఆ ముచ్చటా తీరేది, ఆరోగ్యమూ నిలిచేది. ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పింది వేరు.

మైదా మీద మనవాళ్లు చెప్పుకొనే భయాలు కూడా కొన్ని ఉన్నవి. మైదా విషమట, ప్రేగులకు జిగురులా అంటుకుపోతుందట. ఈ జిగురు మాట ఎక్కడినుండి వచ్చిందో నాకు బాగా తెలుసు. మా యౌవన దినాలలో సువార్త కూటాలకు పోస్టర్లు అంటించేది మేమే. రాత్రి పది దాటాక పాత డబ్బాలో మైదా ఉడకబెట్టి, మైలుతుత్తము కలిపి, చీపురుతో గోడలకు పూసేవాళ్లము. సినిమా పోస్టర్ల మీద మా పోస్టరు, తెల్లవారేసరికి మా పోస్టరు మీద మళ్లీ సినిమా పోస్టరు. ఆ జిగురు చూసినవాడెవడైనా కడుపులోనూ ఇట్లే అంటుకుంటుందనుకుంటాడు. కానీ కడుపు గోడ కాదు. మైదా కూడా అన్నములాగే జీర్ణమైపోతుంది. దాని లోపము విషము ఉండటము కాదు, ఉండవలసినది తీసివేయడము. పెండ్లిలో పరోటా పెట్టినవారిని చూసి ముఖము చిట్లించనక్కరలేదు.

ఈ విషయములో నాకంటె ముందు నోరు జారిన సేవకుడు ఒకాయన ఉన్నాడని చదివి కొంత ఊరట పొందాను, కొంత భయపడ్డాను కూడా. ఆయన పేరు సిల్వెస్టర్ గ్రాహం. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రములో 1794లో పుట్టాడు. తండ్రి కూడా సేవకుడే, ఈయన పసితనములోనే చనిపోయాడు. బాల్యమంతా రోగాలతో, బంధువుల ఇండ్లలో గడిచింది. పెద్దయ్యాక ప్రెస్బిటేరియన్ సంఘములో సేవకుడై, 1830లో ఫిలడెల్ఫియాలో మద్యపాన నిషేధ సంఘము వారి పక్షముగా ఊరూరా ప్రసంగించాడు. సారాయితో మొదలైన ప్రసంగము క్రమంగా రొట్టె మీదికి మళ్లింది. పట్టణాల బేకరీలవారు పొట్టు తీసిన పిండిలో సున్నమువంటివి కలిపి తెల్లని రొట్టె అమ్ముతున్నారని, దేవుడు గింజలో కలిపి ఇచ్చినదానిని మనుష్యుడు వేరుచేయకూడదని, పొట్టు తీయని పిండితో తల్లి తన ఇంటిలో తన చేతులతో చేసిన రొట్టే బిడ్డలకు పెట్టాలని బోధించాడు. 1837లో రొట్టె మీదనే ఒక గ్రంథము వ్రాశాడు. ఆ ఏడాదే బోస్టన్‌లో ఆయన ఉపన్యాసము జరుగనియ్యమని రొట్టెలవారు, మాంసము అమ్మేవారు గుంపుగా వచ్చి గలభా చేశారు. పొట్టుతో సహా ఆడిన పిండిని ఆ దేశములో ఆయన పేరుతోనే గ్రాహం పిండి అని పిలిచారు. ఆ పిండితో చేసిన పలుచని బిస్కెట్టు గ్రాహం క్రాకర్ అయినది.

బెరిబెరి గుట్టు తెలియక అర్ధశతాబ్దము ముందే, విటమిన్ అనే మాట పుట్టకముందే, పొట్టులో మేలున్నదని ఈయన చెప్పగలిగాడు. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ అక్కడ ఆగలేదు. మాంసము వద్దన్నాడు, టీ కాఫీలు వద్దన్నాడు, ఆవాలు మిరియాలు కూడా శరీరేచ్ఛలను రేపుతాయని వద్దన్నాడు. మన ఇండ్లలో ఆవకాయ జాడీలు చూస్తే ఏమనేవాడో! ఆహారమును ధర్మశాస్త్రము చేసి, తన పద్ధతి పాటించేవారికి రోగాలు రావన్నంత ధైర్యముగా మాట్లాడాడు. తాను మాత్రము 1851లో, 57వ ఏట, రోగముతోనే కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న బిస్కెట్టు నేడు అంగడిలో ఎక్కువగా తెల్లపిండి, పంచదార కలిపి చేసినదే. పిండి విషయములో ఆయన సరిగానే చెప్పాడు. పిండికి లేని మహిమను పిండికి ఆపాదించాడు. నేను ప్రకటనలలో చేసింది కూడా అదే గదా అనిపించింది.

మా సంఘ పెద్ద ఒకాయన ఊరుకోలేదు. "అయ్యగారూ, లేవీయకాండము రెండవ అధ్యాయములో నైవేద్యమునకు మెత్తని గోధుమపిండినే గదా ప్రభువు అడిగాడు? ముతకపిండి అడగలేదే" అన్నాడు. మంచి ప్రశ్న. సొలొమోను భోజనశాలకు సన్నపిండి, ముతకపిండి వేర్వేరుగా వెళ్లేవని రాజుల మొదటి గ్రంథము నాలుగవ అధ్యాయములో కూడా ఉన్నది. అయితే ఆ కాలపు సన్నపిండి తిరుగలితో విసిరి, జల్లెడ పట్టినది. నేటి మైదా వంటిది వారెవరూ కంటితో చూచి ఉండరు. పైగా ఆ పిండి కోసము స్త్రీలు ఎంత శ్రమపడాలో విసిరినవారికే తెలుసు. ఇంట ఉన్నదానిలో శ్రేష్ఠమైనది దేవునికి తేవాలని ఆ ఆజ్ఞ భావము గాని, మనము ఏ పిండి తినాలన్నది అక్కడి సంగతి కాదు. యోహాను ఆరవ అధ్యాయములోని చిన్నవాని యొద్ద ఉన్నవి యవల రొట్టెలు, ఆనాటి బీదల తిండి. ప్రభువు వాటినే చేతబట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే జొన్నరొట్టె కూడా ఫరవాలేదంటారా?" అన్నాడు. ఆయనకు జొన్నరొట్టె ప్రాణము. ఆ ప్రశ్న అంతటికీ మూలము అదేనని అప్పుడు తెలిసింది!

ఇంతకీ మైదా మానాలన్న ఆలోచన మా ఇంటావిడది. ఆదివార బడి పిల్లల్లో సగంమంది పొద్దున అన్నము తినకుండా అయిదు రూపాయల బిస్కెట్ పొట్లము టీలో ముంచుకు తిని వస్తున్నారని ఆమె గమనించింది. పొట్లము మీద గోధుమ కంకుల బొమ్మ ఉంటుంది. తల్లులు దాన్ని చూసే కొంటారు. వెనుక చిన్న అక్షరాలలో ఏమేమి కలిపారో వరుసగా వ్రాసి ఉంటుంది. బరువులో ఎక్కువ ఉన్నదానిని ముందు వ్రాయాలని మన దేశములో నియమము. "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అని మొదట ఉంటే అది మైదాయే. "హోల్ వీట్ ఫ్లోర్" లేక "ఆటా" అని ఉంటేనే పొట్టుతో కూడిన పిండి. మీ ఇంట హైస్కూలు చదివే పిల్ల ఉంటే చదివించి చూడండి. గోధుమ బొమ్మ ఉన్న పొట్లాలలోనూ మొదట మైదా పేరే కనబడవచ్చు.

మొదటి ఏడాది చేసినవి రాళ్లు. దాచడమెందుకు? మైదాకు వేసే కొలతలతోనే, మైదాలాగే గట్టిగా పిసికి, వెంటనే కాల్చారు. ఒక పిల్లవాడు గోడకేసి కొట్టి చూస్తే బిస్కెట్టు పగలలేదు, సున్నము రాలింది. స్త్రీల సమాజములో కొందరికి కన్నీళ్లు వచ్చాయి. నల్లగా ఉన్నవి, గట్టిగా ఉన్నవి, ఇవి పట్టుకుని హిందూ ఇండ్లకు ఎట్లా వెళ్తాము, పరువేమి కావాలి అన్నారు. తెల్లగా ఉంటేనే గొప్ప అన్న భావము ఎంత లోతుగా పోయిందో అప్పుడు చూశాను. బిస్కెట్టు దగ్గర కూడా నలుపు తెలుపు చూసుకుంటున్నాము. పంచవలసిన దినానికి ఇంకా వారము ఉన్నది గనుక మళ్లీ మళ్లీ చేసి చూశారు. అప్పుడు తెలిసిన కిటుకులు ఇవి.

గోధుమపిండి మైదా కంటే ఎక్కువ తడి పీలుస్తుంది. పొట్టు నెమ్మదిగా నానుతుంది. అందుచేత పాలు రెండు మూడు చెంచాలు అదనంగా పోసి, ముద్దను తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. ఈ అరగంట దాటవేస్తే నోటిలో ఇసుక నమిలినట్లుంటుంది. రెండవది, చపాతీ పిండిలా మర్దించకూడదు. చపాతీకి సాగుడు కావాలి, బిస్కెట్టుకు విరుగుడు కావాలి. వేళ్ల కొనలతో దగ్గరకు చేర్చి వదిలేయాలి. మూడవది మా మామ్మగారే చెప్పింది, ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత: సగము పిండిని చిన్న మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి కలపండి, సున్నుండలకు మినుములు వేయించినట్లు. అట్లా చేస్తే పచ్చివాసన పోతుంది, సాగుడు తగ్గి బిస్కెట్టు గుల్లగా వస్తుంది. నాకు తెలిసి ఇదే అన్నిటికంటే మంచి కిటుకు.

కొలతలు చెబుతాను. గోధుమపిండి పావుకిలో. కొత్తగా పట్టించినదైతే మేలు. సగము వేయించి చల్లార్చి, మిగిలిన సగముతో కలిపి, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు వేసి జల్లించండి. జల్లెడలో మిగిలిన పొట్టు పారవేయక తిరిగి పిండిలోనే వేయాలి. లేకపోతే ఇంత కథ ఎందుకు! పేరిన నెయ్యి లేక వెన్న 125 గ్రాములు, మెత్తగా తురిమిన బెల్లము 100 గ్రాములు తెల్లబారేదాకా కలియగొట్టాలి. బెల్లములో నలకలుంటే ముందే ఏరుకోవాలి. పాకము పట్టకూడదు. పాకమైతే బిస్కెట్టు గట్టిపడుతుంది. దానిలో పిండి, నాలుగు యాలకుల పొడి, రెండు చెంచాల వేయించిన నువ్వులు వేసి, కాచి చల్లార్చిన పాలు కొద్దికొద్దిగా మూడు నాలుగు పెద్ద చెంచాల వరకు పోసి ముద్ద చేయాలి. అరగంట తరువాత చిన్న నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, అరచేతితో అదిమి, మధ్యలో ఒక నువ్వు గింజో జీడిపప్పు పలుకో అద్దండి.

కాల్చడానికి పట్నంలోవలె ఓవెన్ లేదని ఎవరూ ఆగనక్కరలేదు. మందపాటి పెద్ద గిన్నెలో రెండు వేళ్ల మందాన శుభ్రమైన పొడి ఇసుక పోసి, మూత పెట్టి పది నిమిషాలు వేడిచేయండి. లోపల చిన్న ముక్కాలి పీట వంటిది ఉంచి, దాని మీద నెయ్యి రాసిన పళ్లెములో బిస్కెట్లు ఎడంగా పేర్చి, మూత పెట్టి, సన్నని మంట మీద ఇరువది, ఇరువది అయిదు నిమిషాలు ఉంచాలి. గిన్నెలో నీరు పోయకూడదు. కుక్కరు వాడేవారు రబ్బరు, విజిలు తీసివేయాలి. గోధుమపిండి ముందే నల్లన గనుక రంగు చూసి కాలినదో లేదో చెప్పలేము. అంచు కొంచెం ముదిరి, ఇల్లంతా వాసన కొట్టినప్పుడు తీయాలి. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. అయ్యో ఉడకలేదని మళ్లీ పెట్టారా, రాళ్లే. చల్లారితే వాటంతట అవే గట్టిపడతాయి. సంఘమంతటికి చేసేటప్పుడు మాత్రము మేము ముద్ద కలిపి మండలములోని బేకరీకి తీసుకువెళ్లి, రొట్టెలు కాల్చిన తరువాత భట్టీ వేడి తగ్గినప్పుడు కాల్పించుకుంటాము. మైదా బిస్కెట్లలా నెలల తరబడి నిలవ ఉండవు. పది పదిహేను రోజులలో తినివేయాలి.

ఒకేసారి మైదా మొత్తము మానలేనివారు సగము సగము కలిపి మొదలుపెట్టవచ్చు. పిల్లలు రెండు మూడు సార్లు తింటే ఆ రుచికి అలవాటు పడతారు. మా ఆదివార బడిలో ఇప్పుడు నల్ల బిస్కెట్ల కోసమే పోట్లాట.

మరుసటి ఏడాది డిసెంబరులో నేను అదే చోట నిలువబడి, క్రిందటేడు నేను చెప్పినది తప్పు అని ప్రకటనలలోనే చెప్పాను. ఇవి మైదావాటి కంటే మేలైనవి గాని ఔషధము కాదని, షుగరున్నవారికి ఒకటి, మించితే రెండు, అది కూడా డాక్టరుగారిని అడిగి అని, బిళ్లలు ఎవరూ మానరాదని చెప్పాను. సంఘము ముందు తప్పు ఒప్పుకోవడము నాకు సులువు కాలేదు. గొంతు తడబడింది. ముందు వరుసలో చాప మీద మామ్మగారు తల వంచుకుని నవ్వుకుంటున్నది.

అప్పటినుండి స్త్రీల సమాజము వారు ఆమె కోసము డబ్బా ఇవ్వరు. ప్రతి ఆదివారము ఆరాధన అయ్యాక రెండు బిస్కెట్లు కాగితములో చుట్టి ఇస్తారు. కిందటి వారము ఆమె ఆ పొట్లము విప్పి చూసి, నా వైపు తిరిగి, "అయ్యగారూ, ఇయ్యాల ఇవి కాస్త చిన్నగా చేశారు. రెండు కలిపితే ఒకటి కూడా కాదు. ఇంకొకటి ఇప్పించండి" అన్నది. నేను మా ఇంటావిడ వైపు చూశాను. ఆమె డబ్బా మూత బిగించి, "వచ్చే ఆదివారము మామ్మగారూ" అన్నది.